కాఫీ చేసిన నేరం

"ఇవాళ్టి నుంచి నువ్వు కాఫీ మానెయ్" అన్నాడు భర్త, ఆమె కలిపిచ్చిన కాఫీనే చప్పరిస్తూ. కాఫీలో ఉండే కెఫీన్ కంటికి రక్తం మోసే సన్నని నాళాలను బిగించేస్తుందట, ఆమెలా గ్లాకోమా, అదే నీటికాసుల జబ్బు, ఉన్నవాళ్లకు అది విషంతో సమానమట. ఫోనులో చదివాడు. తాను ఎప్పుడో చెప్పానని, ఈ కాలపు ఆడవాళ్లకు నోరు కట్టుకోవడం చేతకాదని అత్తగారు అందుకుంది. అంటూనే తన ఖాళీ కప్పు కోడలి వైపు జరిపింది, ఇంకాస్త పొయ్యమని.

ఆమె పోసింది. ఇల్లు లేవకముందు కిటికీ దగ్గర నిలబడి తాగే ఒక్క కప్పు, రోజు మొత్తంలో తనదంటూ ఉన్నది అదొక్కటే. ఆ తర్వాత వంట, గిన్నెలు, అత్తగారి మాత్రలు, బస్సు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం, ఇంటికొస్తే మళ్లీ వంట. కుడికన్ను చూపు అంచుల నుంచి తరిగిపోతూ వస్తోంది. మొన్న ఒక పేజీలో వరసల చివరి మాటలే కనబడక నాలుగు తప్పులు వదిలేసింది. "కళ్లు ఇంట్లో పెట్టి వస్తున్నారా?" అన్నాడు యజమాని అందరి ముందూ. నవ్వినవాళ్లకు సంగతి తెలియదు. ఇంట్లోవాళ్లకు తెలుసు కదా, తెలిసి ఏం ఒరగబెట్టారు? కళ్ల మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు ఏనాడైనా ఒక గిన్నె కడిగారా, చుక్కలమందు వేసుకున్నావా అని అడిగారా? చేతికి సులువుగా దొరికింది ఆమె కాఫీ ఒక్కటే.

ఆ వారమే ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చూపు పరీక్ష కాగితం ముందు పెట్టింది. చూపు పోయిన మేరను చూపే నల్లమచ్చ రెట్టింపయింది. ఏడాదిన్నరగా ఎందుకు రాలేదని ఆమెను అడిగితే భర్త జవాబిచ్చాడు.

"ఎంత చెప్పినా కాఫీ మానదండీ. అదే కొంప ముంచింది."

కాఫీ తాగాక కాసేపు కంటికి రక్తప్రసరణ కొంత తగ్గే మాట నిజమేనని, అతిగా తాగకూడదని డాక్టరమ్మ ఒప్పుకుంది. కానీ పొద్దుటి ఒక్క కప్పు ఇంత పని చేయదంది. వేళకు పరీక్షలు జరిగుంటే మందు మార్చేవాళ్లమని, పోయిన చూపు ఇక తిరిగిరాదని చెప్పి, ఎందుకు రాలేదని మళ్లీ ఆమెనే అడిగింది.

భర్త కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కదలిక చూస్తే చాలు, ఆమె మాట గొంతులోనే ఆగిపోయేది. ఈసారి ఆగలేదు.

"ఒకసారి అత్తగారి మోకాళ్లు, ఒకసారి ఈయన ఆఫీసువాళ్లకు భోజనాలు, ఒకసారి ఇంటికి రంగులు" అంది. "ప్రతిసారీ నా కన్నే వచ్చే నెలకు వాయిదా పడింది."

"అవన్నీ ఇక్కడెందుకు?" అన్నాడు అతను గొంతు తగ్గించి.

ఆమె అతని ఒళ్లో ఉన్న తన ఫైలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"తర్వాతి తేదీ నాకు చెప్పండి డాక్టరుగారూ. ఆ రోజు ఇంట్లో ఎంత పనున్నా ఈయన చూసుకుంటారు."