రాజుపాలెంలో ఒక చీటీ

ఎనభై ఒకటి ఫిబ్రవరిలో జనాభా లెక్కల పని మీద తిరుగుతూ గోపాలకృష్ణయ్య పంతులు మాచర్ల స్టేషను రోడ్డులో యాకూబ్ కొట్టు ముందు ఆగాడు. యాకూబ్ రేకు పెట్టెలు చేస్తాడు. ముందు గదిలో సుత్తి, వెనక గదిలో కాపరం. కాపరమంటే ఇప్పుడు ఒక కుండ, ఒక చాప.

పంతులు ఒక పెట్టె మీద కూర్చుని చీటీల పుస్తకం తెరిచాడు. మనిషికొక చీటీ.

"ఇంట్లో ఎంతమంది యాకూబూ?"

"కనపడటంలా? ఒక్కణ్ణే."

"పెళ్ళయిందా, విడిపోయారా? ఏదో ఒకటి రాయాలి."

"పెళ్ళయింది. అంతే రాయండి."

"మరి మీ ఆవిడ?"

"ఎవరూ లేరు మాస్టారూ. రాసుకుని పొండి, తవ్వమాకండి."

పంతులు ఒక్క చీటీ నింపుకుని పక్కింటికి పోయాడు.

అతని భార్య రషీదా పుట్టిల్లు రాజుపాలెం పోయి ఆరేళ్ళయింది. తల్లి హజ్రా బీకి జబ్బు చేసిందని కబురొస్తే, చేతిలో పెద్ద ఆర్డరుంది, ఇప్పుడు కాదన్నాడు యాకూబ్. ఆమె పోతానంది. పోతే అక్కడే ఉండమన్నాడు. తల్లి బతికింది. మొగుడొచ్చి పిలుచుకుపోవాలని అక్కడ ఆమె, పోయిన మనిషే తిరిగి రావాలని ఇక్కడ ఇతను. రోషానికి తిండి పెట్టక్కర్లేదు, దానంతటదే పెరుగుతుంది. మొదటి ఏడాది ప్రతి సాయంత్రం రాజుపాలెం మీదుగా గుంటూరు బస్సు వచ్చే వేళకి యాకూబ్ ఏదో పని కల్పించుకుని రోడ్డు మీద నిలబడేవాడు. తరవాత నిలబడటం మానేశాడు. బస్సు హారను వినడం మాత్రం మానలేకపోయాడు.

మార్చి నాలుగో తారీఖున జాన్‌బీ పెట్టె కొనడానికి వచ్చింది. రాజుపాలెంలో హజ్రా బీకి పక్కిల్లే.

"ఏందయ్యా యాకూబూ, ఈ గొళ్ళెం నిలిచుద్దా, నీ కాపరం మాదిరేనా?"

"మీ ఊళ్ళో లెక్కలు అయినయ్యా?" అన్నాడు యాకూబ్, రేకు మీంచి తలెత్తకుండా.

"రషీదా సంగతి అడగాలంటే అడుగు, లెక్కల సంగతి నీకెందుకు? మాస్టరొస్తే ఏమందో తెలుసా? నేను చుట్టపుచూపుగా వచ్చా, నిన్న సాయంత్రమే బస్సు దిగా, మా ఇల్లు మాచర్ల, మా ఆయన అక్కడ రాయిస్తాడు అంది. వాళ్ళమ్మ నోరు తెరవబోతే గిల్లింది. ఆ మాస్టరు పొరుగూరాయన, నమ్మి పోయాడు. రాయించావుగా మరి?"

"మూత వేసి చూసుకో, బిగువుగా ఉందో లేదో" అన్నాడు యాకూబ్.

జాన్‌బీ పోయాక సుత్తి పట్టుకోబుద్ధి కాలేదు. ఇక్కడ లేదని తను చెప్పాడు, అక్కడ లేనని ఆమె చెప్పింది. ఈ సర్కారు గొడ్లనీ లెక్కపెడుతుంది, బావులనీ లెక్కపెడుతుంది. బతికున్న మనిషి, రషీదా, ఇంత పెద్ద దేశంలో ఎక్కడా లేకుండా పోయింది.

ఆ సాయంత్రమే పంతులి ఇంటికి పోయి జరిగింది చెప్పాడు.

"ఇక్కడ నేను రాయకూడదయ్యా. ఆరేళ్ళుగా ఉంటున్నది అక్కడ, ఆమె చీటీ అక్కడే పడాలి. తప్పొప్పులు సరిచూసే గడువు రేపటితో సరి. ఆ మాస్టరు రేపు కూడా ఊళ్ళో తిరుగుతాడు. ఇక్కడే ఉంటున్నానని ఆమె నోటితో ఆమే చెప్పుకోవాలి."

"చెప్పకపోతే? ఒక మనిషి తగ్గితే ఏమవుద్ది మాస్టారూ?"

"ఏమీ కాదు. ఆడవాళ్ళెంత, మగవాళ్ళెంత, చదివినవాళ్ళెంత అని ఢిల్లీలో పట్టికలు కడతారు. బడి ఎక్కడ పెట్టాలి, ఆసుపత్రి ఎక్కడ పెట్టాలి, అన్నీ వాటిని చూసే. ఒకరు తగ్గిన సంగతి వాళ్ళకెట్టా తెలుసుద్ది?"

"నాకు తెలుసుద్ది గదా" అన్నాడు యాకూబ్.

తెల్లారి మొదటి బస్సెక్కాడు. గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ళ. దారి పొడుగునా ఒక్క మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు: పద. అంతే, పద.

రషీదా కల్లంలో ఎండు మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. ఎవరో చెబితే పమిట తల మీదకి లాక్కుంటూ ఇంటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కల్లంలో ఉన్నవాళ్ళందరి కళ్ళూ అట్లాగే ఉంటాయి గనక ఆ ఎరుపుని యాకూబ్ దేనికీ లెక్క వేసుకోలేకపోయాడు. గోడవారగా, పెళ్ళినాడు తను చేసిచ్చిన పెట్టె ఉంది. దండెం మీద ముసలామె చీరలు తప్ప ఇంకేమీ లేవు. ఆరేళ్ళుగా రషీదా బట్టలు పెట్టెలోంచి తీసి కట్టుకుని, ఉతికి మళ్ళీ పెట్టెలోనే పెడుతోంది.

ఆమె చెంబుతో నీళ్ళిచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"ఎందుకొచ్చినట్టు?"

యాకూబ్ నోరు తెరిచాడు. "లెక్కల గడువు ఇయ్యాల్టితో సరి. నీ పేరు ఎక్కడా పడలా. ఇక్కడుంటున్నానని చెప్పు, రాసుకుంటారు."

"నువ్వు రాయించలా?"

"రాయించలా."

"ఏమని చెప్పావు?"

"ఎవరూ లేరని."

రషీదా అతని చేతిలో చెంబు తీసుకుంది. "ఆరేళ్ళకి గుమ్మమెక్కితే నన్ను తీసకపోను వచ్చావనుకున్నా. లెక్క సరిచేయను వచ్చావు."

"ఏందిరా యాకూబూ" అంది మంచం మీంచి హజ్రా బీ. "నోటికి రేకు అతికించుకున్నావా? ఆ ఒక్క ముక్కా అంటే ఏం పోయింది?"

అనబోయాడు. ముసలామె అడిగింది గనక అన్నట్టుంటుందేమో అనిపించింది. ఒక్క నిమిషం ఆగి, తనంతట తనే అన్నట్టుగా అందామనుకున్నాడు. ఆ నిమిషంలోనే చంకలో పుస్తకంతో లెక్కల మాస్టరు గుమ్మంలోకొచ్చాడు.

"ఈ ఇంట్లో పొరపాటున రాయకుండా పోయినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

రషీదా యాకూబ్ వంక చూసింది. చాలాసేపే చూసింది. అతను తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"నేనున్నా" అంది.

"చుట్టపుచూపుగా వచ్చానన్నావు గదమ్మా?"

"అప్పుడట్టా అనుకున్నా. ఇక్కడే ఉంటున్నా. ఆరేళ్ళాయె."

మాస్టరు విసుక్కుని కొత్త చీటీ తీశాడు. పేరు, వయసు, చదువు. "పెళ్ళయిందా, విడిపోయారా?"

"పెళ్ళయింది. అంతే రాయండి."

"మరి మీ ఆయన?"

"మాచర్లలో పడింది ఆయన చీటీ."

మాస్టరు పోయాక రషీదా పెట్టె మూత తీసింది. ఒక్కొక్క చీరా దులిపి దండెం మీద వేసింది. పెట్టె అడుగు కనపడేదాకా యాకూబ్ అక్కడే నిలబడి, తరవాత బస్సుకి పోయాడు.

నాలుగేళ్ళకి గుంటూరు జిల్లా లెక్కల పుస్తకం మాచర్ల లైబ్రరీకి వచ్చిందని విని పోయాడు. అంతా ఇంగ్లీషు. లైబ్రరీ అతను రాజుపాలెం వరస వెతికి, ఆడవాళ్ళ అంకె మీద వేలు పెట్టి చూపించాడు. యాకూబ్ ఆ అంకె చివర తన వేలు ఆనించి చాలాసేపు ఉంచాడు.

"మాచర్లది చూపించేదా?"

"వద్దు. మళ్ళా లెక్కలెప్పుడు?"

"తొంభై ఒకటిలో."

యాకూబ్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంకా ఆరేళ్ళు. బయట గుంటూరు బస్సు హారను కొట్టింది. అది వెళ్ళిందాకా ఆగి, పుస్తకం మూశాడు.