చప్పుడు లేని విమానం

"ఛెయ్, లే! ఇదేమన్నా మీ అత్తారిల్లా?" అంటూ యాఫెత్ గడ్డి రన్‌వే మీద పడుకున్న ఆడపందిని కర్రతో అదిలించాడు. పంది లేచింది గానీ తొందరపడలేదు. ఆ ఊళ్లో అతని మాటకి ఎవరూ తొందరపడరు.

పొట్టి మనిషి. మోకాళ్లు వాచి, నడిస్తే ఒక పక్కకి ఒరుగుతాడు. పాపువా కొండవాలు మీది ఆ రన్‌వేకి కాపలాదారు. విమానం పల్లపు కొసన వాలి ఎగువకి పరుగెడుతుంది. ఎదురుగా కొండ, కాబట్టి వాలడం మొదలెట్టాక మళ్లీ పైకి లేచే వీలుండదు; బయల్దేరేటప్పుడు పల్లానికి పరుగెత్తి లేస్తుంది. గడ్డి కోయడం, ప్రయాణికుల్ని మూటలతో సహా తూచడం, బాట ఖాళీ చేయించడం అతని పని. అయితే తోటలకీ ఇళ్లకీ మధ్య బురద లేని దారి అదొక్కటే. ఏళ్ల తరబడి అరిచి అరిచి గొంతు పోయాక అతనే ఒక ఒప్పందానికొచ్చాడు. చప్పుడు వినిపిస్తే తప్పుకోవాలి, వినిపించకపోతే నడవొచ్చు. కొండల్లో ఇంజిను మోత చాలా ముందే వినిపిస్తుంది కాబట్టి ఎన్నడూ ఇబ్బంది రాలేదు.

ఆ ఉదయం ఒక నిండు చూలాలు, తోడుగా ఆమె తల్లి, వమేనా పట్నంలో ఆసుపత్రికి బయల్దేరారు. తూకం పలక ఎక్కడానికి చూలాలు సిగ్గుపడుతుంటే యాఫెత్ భార్య యొసినా నవ్వింది.

"మమ్మల్నందర్నీ తూచాడు, తనొక్కడే ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఒక్కసారి నువ్వూ పోయిరారాదటయ్యా?"

"నేను పోతే మీ పందుల్ని ఎవరు తోలతారే?"

అతనికి నిజంగానే ఎగరాలని ఎప్పుడూ అనిపించలేదు. వచ్చిన విమానం క్షేమంగా వాలి, చక్రాలు ఆగితే చాలు, ఆ రోజుకి కడుపు నిండినట్టుండేది.

విమానం లేచి కనుమ దాటింది. మోత అణగగానే ఆడవాళ్లు చిలగడదుంపల సంచుల పట్టీలు నుదుటికి తగిలించి వీపున వేసుకుని బాట ఎక్కారు. యాఫెత్ ఎగువన కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ తలెత్తాడు. కనుమలో అదే విమానం, ముక్కు ఇటువైపే ఉంది. ముందరి పంకా తిరగడం లేదు. గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"తప్పుకోండి! తప్పుకోండర్రా!"

ఆడవాళ్లు ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, మళ్లీ కబుర్లలో పడ్డారు. అతను పల్లానికి పరిగెత్తాడు. ఆ మోకాళ్లతో ఎలా పరిగెత్తాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. దొరికినవాళ్లని దొరికినట్టు పక్కకి నెట్టాడు. వినని వాళ్లని కర్రతో కొట్టాడు కూడా. అందరికంటే కింద, అలికా అవ్వ దారి మధ్యలో బరువు దించి కూర్చుంది.

"లే అవ్వా, విమానం!"

"ఏదిరా? చప్పుడేదీ? నువ్వే కదరా చెప్పావు!"

అతను కర్ర పారేశాడు. రెండు చేతులా ఎత్తి ఆమెను పక్క కాలవలోకి తోసేశాడు.

రెక్క అతని వీపుకి తగిలింది. విమానం గడ్డి మీద ఈడ్చుకుంటూ పోయి, ఎగువ గట్టుకి ఒరిగి ఆగింది. పైలట్ నుదురు చీరుకుపోయింది. చూలాలు తన కాళ్ల మీదే దిగి, కడుపు పట్టుకుని, "కదులుతోందమ్మా" అంది. ఆ మాట యాఫెత్‌తో చెప్పాలని యొసినా గబగబా కిందికి దిగింది. అతను అప్పటికే పోయాడు.

"వాడికి నామీద కోపమొచ్చిందనుకున్నానే, తిట్టాను కూడా" అని కాలవలోంచి లేవకుండానే అలికా అవ్వ ఏడ్చింది.

అతన్ని మోసుకుపోయాక ఊరంతా బురదలోంచి చుట్టు తిరిగి ఇళ్లకి చేరింది. రన్‌వే నట్టనడుమ, పరుగులో ఊడిపోయిన రబ్బరు బూటు ఒకటి పల్లం వైపు తిరిగి నిలబడే ఉంది.