ముందుగా వెళ్లిన పెట్టె

తమ విమాన కంపెనీకి విమానాలను అద్దెకిచ్చినవాళ్లు తెల్లవారకముందే వాటినన్నిటినీ తోలుకుపోయారని సామాన్లు మోసే పనివాడు వచ్చి చెవిన వేసేసరికి, కౌంటరులోని ఆమె తన వదిన పెట్టెను అప్పటికే లోపలికి పంపేసింది. సొంతమనిషి కదా అని వరుసలోంచి అందరికన్న ముందు పిలిచి మరీ పంపింది.

"ఎగరని విమానానికి సామాన్లెందుకండీ తీసుకోవడం?" అని మేనేజరును నిలదీసింది.

"మధ్యాహ్నం మన ఓనరు బ్యాంకువాళ్లతో కూర్చుంటున్నారు. ఈలోగా కౌంటరు మూస్తే దివాలా తీశామని మనమే చాటింపు వేసినట్టు. నవ్వుతూ పని కానివ్వండి మేడం."

పళ్లబిగువున మరికొన్ని పెట్టెలు తీసుకుంది. ఎదుటి కౌంటరులో వేరే కంపెనీ సీట్లు ఇంకా అమ్ముడవుతున్నాయి. రేపు ఉదయమే వదిన కూతురికి గుండె ఆపరేషన్. ఈ పూట బయలుదేరకపోతే, ఆ పిల్లను ఆపరేషను గదిలోకి తీసుకెళ్లే ముందు తల్లికి దాని మొహం చూసే వీలుండదు.

ఆమె లేచి నిలబడింది. "మా విమానం లేదండీ. ఎదురుగా సీట్లున్నాయి, త్వరగా వెళ్లండి."

"ఇందాకటి నుంచి పళ్లికిలిస్తూ పెట్టెలు లాక్కున్నది నువ్వే కదమ్మా!" అని ఒకాయన విరుచుకుపడ్డాడు. కంపెనీని ముంచినవాడు ఏ చల్లని గదిలోనో ఉన్నాడు. తిట్లు మాత్రం కంపెనీ చీర కట్టుకున్న పాపానికి ఆమెకు దక్కాయి.

వెనక గదిలో పెట్టెలు ఒకదానిపై ఒకటి గుట్టగా పడి ఉన్నాయి. తిరిగి ఇచ్చేటప్పుడు పైనున్నవి ముందు వచ్చాయి. అందుకున్నవాళ్లు అందుకున్నట్టే ఎదుటి కౌంటరుకు పరుగెత్తారు. వదినది అట్టడుగున ఉంది.

"పెట్టె తర్వాత పంపిస్తాను, నువ్వు వెళ్లు వదినా!"

"స్కానింగు ఫిల్ములన్నీ అందులోనే ఉన్నాయే. అవి చూడందే కత్తి పట్టనన్నాడు డాక్టరు."

పెట్టె బయటికొచ్చేసరికి ఎదుటి కౌంటరు అమ్మాయి పెదవి విరిచి చేతులూపింది. ఆఖరి సీటూ పోయింది.

"ఎంత మర్యాద చేశావే తల్లీ," అంది వదిన. "నా మానాన నన్ను వరుసలో నిలబడనిస్తే చాలకపోయిందా?"

పెట్టె మీదే కూలబడి ఆసుపత్రికి ఫోను చేసింది. "ఏమ్మా, డాక్టరుగారిని ఒక్కసారి పిలువు. ఒక్కరోజు ఆగుతారేమో అడగాలి..." ఒక్కరోజు కూడా ఆగడానికి లేదని అవతలివాళ్లు చెప్పగానే ఫోను ఒళ్లో పడేసింది.

కౌంటరామె మెడలోని కంపెనీ గుర్తింపు బిళ్ల తీసి చేతపట్టుకుని, మేనేజరు మొహాన కొట్టడానికే వెనుదిరిగింది. అతడు అప్పటికే ఆమె కుర్చీలో కూర్చుని, అప్పుడే లోపలికి అడుగుపెట్టిన ఒక ముసలాయన సంచీని సామాన్ల బెల్టు మీదికి లాగుతున్నాడు.

"రండి సార్, రండి. ఈరోజు రద్దీ లేదు."