గీతల మధ్య సందు

పక్షవాతంతో భర్తకు మాట పడిపోయిన నాటి నుంచీ ఆవిడ ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. మొన్న ఆవిడ పెరట్లో బట్టలు ఉతుకుతుండగా ఆయన మంచం మీంచి జారిపడ్డాడు. పిలవడానికి గొంతు లేదు. ఎంతసేపు అలా నేల మీద ఉన్నాడో ఇప్పటికీ తెలియదు.

"నాన్న వేలు ఆనిస్తే చాలు, వంటింట్లో గంట మోగేలా చేస్తా" అంది రేడియోలు బాగుచేసే కూతురు.

కిటికీ దగ్గర కూర్చుని, కరెంటు పారే వెండి సిరా పెన్నుతో, చిన్న ప్లాస్టిక్ పలక మీద ఊపిరి బిగబట్టి గీతలు గీసింది. వాటిని ఆరనిచ్చి, బ్యాటరీ కొనుక్కురావడానికి వెళ్ళింది.

ఆవిడ తొంగిచూసింది. గీతలన్నీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. ఒక్క జత మాత్రం ఎదురెదురుగా వచ్చి వెంట్రుకవాసిలో ఆగిపోయింది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం వచ్చి కలుసుకోకుండా పోవడమేమిటి? పిల్ల తొందరలో మరిచిపోయి ఉంటుంది. పెన్ను తీసి, ఒక్క చుక్క పెట్టి కలిపేసింది.

సాయంత్రం వంటింట్లో గంట ఇల్లదిరేలా మోగింది. ఆవిడ చేతిలో గరిటెతోనే పరుగెత్తింది.

"ఏమండీ, పిలిచారా?"

ఆయన చెయ్యి దుప్పటి లోపలే ఉంది. కళ్ళు మాత్రం ఇంతలేసి చేసుకుని చూస్తున్నాడు. బ్యాటరీ తగిలించిన కూతురు కొయ్యబారిపోయింది.

"ఎవరూ ముట్టుకోలేదే! అమ్మా, దీన్ని నువ్వేమైనా చేశావా?"

"ఎడంగా ఉంటేనూ... ఒక్క చుక్క పెట్టి కలిపానే."

"అయ్యో నా తల్లీ! ఆ సందే స్విచ్చు. నాన్న వేలు తగిలితేనే అవి కలవాలి. నువ్వు ముందే పెళ్ళి చేసేశావా!"

కూతురు బ్లేడుతో చుక్కను గీకేసింది. గంట ఆగింది. కానీ పలక దగ్గరికి తెస్తే ఆయన చెయ్యి ఇంకా లోపలికి లాక్కున్నాడు. తన మూలంగానే బెదిరిపోయాడనుకుంది ఆవిడ. ఇక పిలవనే పిలవకపోతే?

"షాక్ కొట్టదండీ, ఇదిగో చూడండి." కళ్ళు గట్టిగా మూసుకుని వేలు పెట్టింది. గంట మోగింది. "చచ్చానా? లేదుగా!"

"కళ్ళు మూసుకునా అమ్మా ధైర్యం చెప్పేది?"

ఆయన కదల్లేదు. ఆవిడ పలకను మంచం అంచున ఉంచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి కట్టేసి నిలబడింది.

గంట మోగింది.

ఎదురుచూసిందే అయినా అదిరిపడింది.

"అమ్మా, నాన్న పిలుస్తున్నారు!"

"వస్తున్నానే" అంది గానీ, ఆ పిలుపు ఇంకోసారి వినాలని అక్కడే ఆగింది. గంట మళ్ళీ మోగింది. ఈసారి పొడుగ్గా, విసుగ్గా, అచ్చం నోరున్న రోజుల్లో ఆయన పిలిచినట్టే.