ఇస్త్రీపెట్టెకు అంటిన మైనం

ఆ శనివారం పొద్దున్న మా ఇంట్లో తగువు ఇస్త్రీపెట్టె గురించి. మా ఆయన సూర్యం గూడ్సు బండి గార్డు. డ్యూటీకి వేసుకోవలసిన తెల్ల ప్యాంటు మీద, సరిగ్గా మోకాలి దగ్గర, అరచేయంత మైనం మరక పడింది.

"ఈ పెట్టె బట్టలకేటి, నీ చెక్కలకేటి?" అని కూతుర్ని అడిగారు.

కాగితంతో తుడిచే పెట్టానంది భానుప్రియ. తుడిచిన మాట నిజమే. అంచులు తుడవలేదు. ఆ మాట అంటే ఇద్దరూ నా మీదికి వస్తారు. మా అత్తగారు అప్పలనర్సమ్మ మాత్రం, "నీ పేంటు సూసి బండి కదుల్తాదేటిరా?" అని కొడుకుని దెప్పారు. ఆయన ఆ మరకతోనే వెళ్ళిపోయారు.

తగువు మైనం గురించి కాదని అందరికీ తెలుసు. ఆయన చెక్కలన్నవి స్కీలు, మంచు మీద జారడానికి కాళ్ళకు కట్టుకునే పొడుగాటి పలకలు. వాటి అడుగున ఇస్త్రీపెట్టెతో కొవ్వొత్తి మైనం కరిగించి పూస్తే బాగా జారతాయి. మైనం పూసిందంటే పిల్ల మళ్ళీ హిమాలయాల్లోని ఔలీకి ప్రయాణం కడుతోందన్నమాట.

మేముండే బిలాస్‌పూర్‌లో మంచు లేదు. ఎనభై ఏడులో ఎన్.సి.సి. వాళ్ళు పదిహేను రోజుల శిక్షణకు ఔలీ పంపితే మొదటిసారి చూసింది. తిరిగొచ్చాక అన్నం తింటూ కూడా మోకాళ్ళు కదిపేది. స్కీల మీద జారే ఆటల్లో ఫ్రీస్టైల్ అని ఒక పోటీ ఉంది. వాలు నిండా మంచు దిబ్బలుంటాయి. వాటి మధ్య మెలికలు తిరుగుతూ, దారిలో రెండుసార్లు గాలిలోకి ఎగిరి, అందరికన్నా త్వరగా కిందికి చేరాలి. మా ఊళ్ళో ఆ దిబ్బలకు బదులు ఔటర్ సిగ్నల్ పక్కన, పట్టాల కింద వేసే కంకర పోగు దొరికింది. రెండు కాళ్ళూ జోడించి పైనుంచి గెంతుతూ దిగేది. గాంగ్‌మన్ పైడిరాజు మొదట తిట్టాడు, తర్వాత తనే పారతో ఎత్తుపల్లాలు చేసిపెట్టేవాడు. అలా నాలుగేళ్ళు వరసగా జాతీయ పోటీల్లో బంగారు పతకం తెచ్చింది.

పోయిన ఏడాది రెండో ఎగురులో పడి మోకాలు తిరిగిపోయింది. దయాల్‌బంద్ పేట డాక్టరు కట్టు విప్పేసరికి ఎండలు ముదిరాయి. ఈలోగా రాసిన పరీక్ష ఫలించి రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఫిబ్రవరి పదోతేదీలోగా చేరాలి. పోటీ పన్నెండున. ఇందులో ఆలోచించడానికేముందన్నారు మా ఆయన. మళ్ళీ పడితే కుర్చీలో కూర్చునే ఉద్యోగం కూడా దక్కదన్నారు.

ఆయన వెళ్ళాక భానుని అడిగాను, ఇంకో పతకం కావాలా అని.

"పతకం కాదమ్మా. ఆఖరుసారి ఆ కొండ స్ట్రెచర్ మీద దిగినాను. ఒక్కసారి నా కాళ్ళ మీద దిగి, బస్, ఆపేస్తాను."

ఆ మాట నాన్నతో చెప్పమన్నాను. చెప్పనంది.

మర్నాడు ఆయన డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చారు. ఆదివారం కాబట్టి మధ్యాహ్నం నలుగురం కలిసి భోజనానికి కూర్చున్నాం. పప్పు అన్నం అయ్యాక ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి కంచం పక్కన పెట్టారు. బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో గార్డులు రాసుకునే పుస్తకం అది.

"పొద్దున్న మా బండిని ఔటర్లో గంటన్నర నిలబెట్టీసినారు. వెనకనున్న నా బ్రేక్‌వాన్ పెట్టెలోంచి కంకర పోగు ఎదురుగానే కనిపిస్తాది. నువ్వు నన్ను చూడలేదు."

ఏడేళ్ళలో ఆయన ఒక్క పోటీకి వెళ్ళలేదు. ప్రతి ఫిబ్రవరిలోనూ డ్యూటీయే. పతకాలూ చిరిగిన బూట్లూ చూశారు తప్ప పిల్ల దిగడం చూడలేదు.

"పదకొండు సార్లు దిగినావు. మూడుసార్లు పడ్డావు. మోకాలు పట్టుకుని కూకున్నావు, మళ్ళీ ఎక్కినావు."

పేజీ తిప్పి చూపించారు. పదకొండు సార్లకూ సెకన్లు రాసి ఉన్నాయి, బండి వేళల్లాగే, ఒక్క కొట్టివేత లేకుండా.

"ఆఖరిది మొదటిదానికన్నా రెండు సెకన్లు తక్కువ. అది మంచిదేనా?"

"మంచిదే నాన్నా," అంది భాను.

"పిల్లగుంట మూడుసార్లు పడితే దిగి లేవనెత్తలేదేటిరా?" అన్నారు అత్తగారు.

"బండి వొదిలి గార్డు దిగకూడదమ్మా. అందుకే ఈసారి సెలవు చీటీ ఇచ్చీసి వొచ్చినాను. ఏటా మనూరు విజీనారానికి రాయించే రైలు పాసు ఈ ఏడు ఋషికేశ్‌కి రాయిస్తాను, నలుగురికీ. అక్కణ్ణుంచి ఔలీ వైపు బస్సు." తర్వాత భాను వైపు తిరిగారు. "ఉద్యోగంలో చేరడానికి ఇరవై రోజులు గడువడుగుతూ అర్జీ రాసినాను. తిన్నాక సంతకం పెట్టు."

గడువు ఇవ్వకపోతేనో అని నేను అడగకుండా ఉండలేకపోయాను.

"ఇవ్వకపోయినా పాసు ఋషికేశ్‌కే," అని, చారు పొయ్యమన్నారు.