శుక్రవారం వచ్చే సముద్రం

శుక్రవారం డ్యూటీ దిగగానే ద్రహోమీరా తను నడిపే ట్రామ్‌ను డిపోలో అప్పగించి, ఏదో ఒక కొత్త సుషి కొట్టుకు వెళ్లేది. కౌంటరు ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని, బూట్లూ మేజోళ్లూ విప్పి సంచిలో పెట్టుకుని, పాదాలు కిందికి వేలాడేసి ఎదురుచూసేది. ఏదో ఒకటి తెమ్మనేది గానీ తెచ్చింది సరిగ్గా తినేది కాదు. కాళ్లకు నీళ్లు తగులుతాయా లేదా అన్నదే ఆమె ధ్యాసంతా.

ప్రాగ్‌లో సుషి కొట్టు మంచిదో కాదో తేల్చుకోవడానికి మాకున్న పద్ధతి అదే. సముద్రం లేని దేశం మాది. చేప మంచిదై, దాన్ని కోసే చెయ్యి కూడా మంచిదైతే, ఆ చేప ఏ సముద్రంలో పుట్టిందో ఆ సముద్రం సాయంత్రానికి కొట్టులోకి వస్తుంది. గుమ్మం కింద సన్నగా మొదలై చీలమండల దాకా, ఒక్కోసారి మోకాళ్ల దాకా. ఫోన్‌లో రేటింగు చుక్కలు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లు పర్యాటకులు. మేమైతే "నీళ్లొస్తాయా?" అని అడిగి వెళ్తాం. ఊరి నడిబొడ్డున అద్దాల తలుపులు పెట్టుకుని కూర్చున్న గొప్ప కొట్లలో ఇన్నేళ్లలో ఏసీ నుంచి కారిన బొట్లు తప్ప ఏమీ రాలేదు. సిగ్గులేని యజమాని ఒకాయన తెల్లారగానే నేల మీద ఉప్పునీళ్లు చల్లిస్తాడని కూడా చెప్పుకుంటారు.

నీళ్లొచ్చే కొట్లు ద్రహోమీరాకు దొరక్కపోలేదు. కానీ వచ్చిందల్లా నార్వే సముద్రమే. ఈ కొట్లలో కోసే సాల్మన్ చేప అక్కడిదే కదా. ఎముకలు కొరికే చలి. ఆమె పాదం ముంచి, ఇది కాదనుకుని, బూట్లు తొడుక్కుని లేచిపోయేది.

ఆమెకు కావలసింది క్రొయేషియా సముద్రం. ఊళ్లో అందరిలాగే ఆమె, భర్త వ్లస్తిమిల్ వేసవి రాగానే వేయించిన మాంసం ముక్కలు డబ్బాలో సర్దుకుని కారులో అక్కడికి పోయేవారు. కిందటి ఆగస్టులో అతను ఈతకు దిగి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. నవంబరులో ఊరంతా చామంతులు పట్టుకుని శ్మశానాలకు పోయి తమవాళ్ల సమాధుల మీద దీపాలు పెడుతుంటే, ద్రహోమీరా కూడా ఒక దీపం కొంది. ఎక్కడ పెట్టాలో తెలియక గేటు దగ్గర కాసేపు నిలబడి, దాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకుంది. ఆ మరుసటి శుక్రవారం నుంచే ఈ తిరుగుడు మొదలైంది.

చలికాలం చివర్లో ఆమె కారెల్ కొట్టుకు చేరింది. కారెల్ అసలు పేరు ఖియెమ్. వియత్నాం నుంచి వచ్చినవాళ్ల పేర్లు మా నోళ్లకు తిరగవు, అందుకని చుట్టుపక్కలవాళ్లే ఏదో ఒక పేరు తగిలించేస్తారు. అతని భార్య థోవాకు మాత్రం పేరు మార్చే ధైర్యం ఇంతవరకు ఎవరికీ కలగలేదు. ఆ కొట్టులో రోజూ నీళ్లొచ్చేవి. చల్లటి నార్వే నీళ్లే. ద్రహోమీరా అడగ్గా ఖియెమ్, క్రొయేషియా నుంచి వచ్చే వెండిరంగు చేపను శుక్రవారాలకు తెప్పిస్తానన్నాడు. ఎందుకని అడగలేదు.

తరువాతి శుక్రవారం గుమ్మం కింద నుంచి గోరువెచ్చటి నీళ్లొచ్చాయి. వాటి వెనకే వ్లస్తిమిల్ వచ్చాడు. ఈతకు దిగిన రోజు వేసుకున్న నీలం నిక్కరే, ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లు తమ పళ్లాలు కాస్త పక్కకు జరిపి చోటిచ్చారు. తడుస్తుందని థోవా స్టూలు మీద తువ్వాలు పరిచింది. అతను భార్య పక్కన కూర్చుని ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఖియెమ్ అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ముందుకు జరిపితే ముట్టుకోలేదు. నీళ్లు వెనక్కి పోయే వేళకు లేచి, ఆమె వైపు చెయ్యి చాచాడు. ద్రహోమీరా భయపడి తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇంటికెళ్లి, ఎందుకు లాక్కున్నానా అని ఏడ్చింది.

ఆ తర్వాతి వారాల్లో లాక్కోలేదు. మొదట కౌంటరు చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిచింది, తర్వాత గుమ్మం దాకా. ఆమె జుట్టులో ఉప్పు పేరుకోసాగింది. ట్రామ్ ఎక్కినవాళ్లు ముందు సీట్లలో కూర్చుంటే సముద్రపు గాలి కొడుతోందని కిటికీలు మూసేవారు.

ఒక శుక్రవారం ఆమె తొందరగా వచ్చింది. కొట్టులో ఇంకా ఎవరూ లేరు. తన పిల్లిని పొరుగావిడకు ఇచ్చేశాననీ, పని మానేసి డిపోలో ట్రామ్ తాళాలు అప్పగించేశాననీ మాటల మధ్యలో అంది. ఖియెమ్ కత్తి కింద పెట్టాడు.

"పిల్లినెందుకు ఇచ్చేశారక్కా?"

"నేను లేకపోతే దానికి తిండెవరు పెడతారు, కారెల్ గారూ?"

అప్పుడు చెప్పింది, ఎవరికీ చెప్పనిది. మా దగ్గర క్రిస్మస్ ముందు సాయంత్రం భోజనానికి కూర్చున్నాక అందరూ తినడం అయ్యేదాకా ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేవకూడదు. మధ్యలో లేచినవాళ్లు మరుసటి క్రిస్మస్ చూడరంటారు. వడ్డించే మనిషి ఒక్కతే లేవచ్చు. అయినా వడ్డించేవాళ్లు కూడా అన్నీ ముందే అందుబాటులో పెట్టుకుంటారు. అతనితో గడిపిన చివరి క్రిస్మస్‌కు ఆమె చేప వేయించింది, సూప్ పెట్టింది, చల్లగా ఉంటుందని బాల్కనీలో పెట్టిన బంగాళాదుంపల సలాడ్ మాత్రం మరిచిపోయి కూర్చుంది. రోజంతా ట్రామ్ నడిపి మోకాలు సలుపుతోంది. నువ్వు తేకూడదూ అంది. అతను నవ్వుతూ లేచి వెళ్లి తెచ్చాడు.

"లేవాల్సింది నేను. నా బదులు అతను లేచాడు. ఇప్పుడు పిలుస్తుంటే పోకుండా ఎలా ఉంటాను?" అంది ద్రహోమీరా.

వంటగది గుమ్మంలో నిలబడి విన్న థోవాకు కోపం వచ్చింది.

"వడ్డించేవాళ్లు లేస్తే దోషం లేదా మీకు?"

"లేదు."

"మరి అతనికి వడ్డించారా? ఆ రోజూ వడ్డించలేదు, ఇన్ని వారాల్లోనూ వడ్డించలేదు. ఆకలితో వస్తున్నాడు, ఆకలితో పోతున్నాడు. మేం పెడితే తినడని చూశాంగా. మీరు పక్కన కూర్చుని ఏడిస్తే అతని కడుపు నిండుతుందా అక్కా?"

నీళ్లలో పోయినవాళ్లకు తమ ఊళ్లో ముందు అన్నమే పెడతారని, మిగతా మాటలన్నీ ఆ తర్వాతేనని థోవా విసుక్కుంటూ తన నడుముకున్న ఏప్రన్ విప్పి ఆమె చేతిలో పెట్టింది.

కొట్టు నిండింది. నీళ్లొచ్చాయి. వ్లస్తిమిల్ వచ్చి తువ్వాలు మీద కూర్చుని పక్కకు చూశాడు. అక్కడ భార్య లేదు. ద్రహోమీరా ఏప్రన్ కట్టుకుని వంటగదిలోంచి పళ్లెం పట్టుకొచ్చింది. పళ్లెం పక్కకు ఒరిగి సోయా రసం చుక్కలు కౌంటరు మీద పడ్డాయి. పళ్లెం అతని ముందు పెట్టింది. అతను దాన్ని చాలాసేపు చూశాడు. ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. అతను నమలడం చూస్తుంటే ఆమెకు ఇంతమందిలోనూ పెద్దగా ఏడవాలనిపించింది గానీ పళ్లెం అప్పటికే ఖాళీ అయింది.

"ఇంకొంచెం వెయ్యనా?"

ఇంట్లో ఊపినట్టే తల ఊపాడు. ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది, మళ్లీ తెచ్చింది. ఖియెమ్ తల ఎత్తకుండా కోస్తూనే ఉన్నాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. జనం సంచులు ఒళ్లో పెట్టుకుని తమ తిండి తాము తిన్నారు.

చివరికి అతను చాలన్నట్టు పళ్లెం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. మూతి తుడుచుకుని, లేచి, ఆమె వైపు చెయ్యి చాచాడు. ద్రహోమీరా రెండు చేతుల్లోనూ పళ్లాలున్నాయి. పక్కవాళ్లవి, అవతలివాళ్లవి కూడా తీసుకుని నిలబడి ఉంది. కింద పెట్టడానికి చుట్టూ చూసింది, చోటు లేదు. అతను ఆ పళ్లాల వైపు చూశాడు. చెయ్యి దించేశాడు. అతనే ఆమె వీపు వైపుకు వెళ్లి, వదులైన ఏప్రన్ ముడి విప్పి గట్టిగా కట్టి, వెనక్కి పోతున్న నీళ్లతో పాటు గుమ్మం దాటాడు. అతని వేళ్లు తగిలినచోట నడుము దగ్గర చాలాసేపు చల్లగా ఉంది. ఆమె పళ్లాలు థోవా చేతికిచ్చి, వంటగదిలో నేల మీద కూర్చుని గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

మరునాడు డిపోకు వెళ్లి తాళాలు తెచ్చుకుంది, పిల్లిని కూడా తెచ్చుకుంది. పొరుగావిడ దాన్ని ఇవ్వడానికి కాస్త గొణిగింది.

ఆ పై శుక్రవారం డ్యూటీ దిగి వచ్చి ఏప్రన్ కట్టుకుంది. గోరువెచ్చటి సముద్రం వేళకే వచ్చింది, చీలమండల దాకా నిండింది. వ్లస్తిమిల్ రాలేదు. ద్రహోమీరా గుమ్మం వైపు చూస్తూ చూస్తూ మిగతావాళ్లందరికీ వడ్డించింది. చోటు దొరక్క చాలాసేపటి నుంచి నీళ్లలో నిలబడి ఉన్న ఒక ముసలాయన, తువ్వాలు పరిచి ఉన్న స్టూలు చూపించి, అక్కడికెవరైనా వస్తారా అని అడిగాడు.

ఆమె తువ్వాలు తీసి భుజాన వేసుకుంది.

"ఎవరూ రారు. కూర్చోండి, ఏం తింటారు?"