అయిదుగురికి ఒకే డబ్బా

ఆళ్లగడ్డలో ప్రియదర్శిని ఇంటి వసారాలో సాయంత్రం పూట అయిదుగురు అమ్మాయిలు కంప్యూటర్ సర్వర్లు నడిపే పని నేర్చుకునేవాళ్లు. కంప్యూటర్ మాత్రం ఒక్కటే. ఎవరైనా తప్పు కమాండ్ కొడితే అది పడకేసేది. ప్రియదర్శిని దాన్ని మళ్లీ మొదట్నుంచి సిద్ధం చేసేదాకా అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. దాంతో పిల్లలకు కీబోర్డు ముట్టుకోవాలంటేనే భయం పట్టుకుంది. రుద్రవరం నుంచి వచ్చే అక్షయ అయితే తన వంతు కూడా పక్కమ్మాయికి ఇచ్చేసేది.

మంచి కంప్యూటర్ ఒకటుంటే దాని లోపలే అయిదు వర్చువల్ కంప్యూటర్లు నడపొచ్చని ప్రియదర్శినికి తెలుసు. ఎవరిది వాళ్లకే. ఒకటి చెడినా తక్కినవి నడుస్తూనే ఉంటాయి. తెరల కోసం ఇళ్లలో మూలపడ్డ పాత లాప్‌టాప్‌లు చాలు. కొత్త సర్వర్ కొనే స్తోమత లేదు. అందుకని నాయన కృపావరాన్ని వెంటబెట్టుకుని నంద్యాలలో సాల్మన్ రాజు అంగడికి పోయింది. ఆయన పాత కంప్యూటర్లు అమ్ముతాడు.

ఏదో కంపెనీ తీసేసిన పెద్ద సర్వర్ గుమ్మం పక్కనే ఉంది. కృపావరం దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"కొంటే ఇదే కొనాల పాపా. ఎంత గట్టిగా ఉందో సూడు."

"ఒకసారి ఆన్ చేయన్నా," అంది ప్రియదర్శిని.

సాల్మన్ రాజు స్విచ్ వేశాడు. ఫ్యాన్ల హోరుకు పక్క అంగడివాళ్లు తొంగిచూశారు. ఆమె సంచిలోంచి కరెంటు కొలిచే మీటరు తీసి తగిలించింది.

"ఊరికే ఉన్నప్పుడే ఇంత కరెంటు తాగుతాంది నాయనా. మన ఇన్వర్టర్ మోయలేదు. దీని పక్కన కూచోని పాఠం యాడ చెప్పేది?"

సాల్మన్ రాజు నవ్వి, అద్దాల పక్కలతో రంగురంగుల లైట్లు వెలిగే ఇంకోటి చూపించాడు.

"లైట్లు మాకేం పనికొస్తాయన్నా. దీనికి మెమరీ పెంచుకునేదానికి చోటే లేదు."

గోడవారగా ఆఫీసుల్లో వాడి తీసేసిన నల్ల డబ్బాలు రెండు దుమ్ము పట్టి ఉన్నాయి. ఆమె మూతలు విప్పించింది. రెండింట్లోనూ మెమరీకి నాలుగేసి స్లాట్లున్నాయి, ప్రాసెసర్ కూడా మంచిదే. మొదటిదాని సెట్టింగుల్లోకి పోబోతే పాస్‌వర్డ్ అడిగింది.

"పాతోళ్లు పెట్టిందిమ్మా. నాకూ తెలీదు," అన్నాడు సాల్మన్ రాజు.

"అయితే వద్దన్నా. లోపల ఒకదాంట్లోనే అయిదు నడిపే వర్చువలైజేషన్ ఆన్ చేయకుంటే నా పని సాగదు."

రెండోదాని సెట్టింగులు తెరుచుకున్నాయి. ఆ సెట్టింగు ఆన్ చేసి, తెచ్చుకున్న పెన్‌డ్రైవ్ పెట్టి, అక్కడికక్కడే రెండు చిన్న వర్చువల్ కంప్యూటర్లు లేపి చూసింది. మీటరు కూడా తక్కువే చూపించింది.

"ఇది ఇవ్వన్నా. నాలుగు స్లాట్లూ మెమరీతో నింపు. డిస్కు మాత్రం కొత్త ఎస్‌ఎస్‌డీ వేయి, పాతది వద్దు."

"ఏందిమ్మా, ఇంత పరీక్ష పెట్టినావ్," అన్నాడు సాల్మన్ రాజు. అంటూనే ఇష్టంగా దుమ్ము తుడిచి, అన్నీ తానే బిగించి ఇచ్చాడు. బస్సులో కృపావరం ఆ డబ్బాను ఆళ్లగడ్డ దాకా ఒళ్లోంచి దింపలేదు.

మరుసటి వారం అయిదుగురి ముందూ అయిదు తెరలు వెలిగాయి. మొదటి పాఠంలోనే అక్షయ పొరపాటున తన దాంట్లో ఉన్నదంతా తుడిచేసింది.

"మేడమ్, నాది పోయింది."

తక్కిన నలుగురి పనీ ఆగలేదు. ప్రియదర్శిని పొద్దున తీసిపెట్టిన ఆ కంప్యూటర్ నకలును తిరిగి పెట్టింది. అక్షయ గ్లాసుడు నీళ్లు తాగేలోపు కంప్యూటర్ ఎప్పటిలా లేచి కూర్చుంది. ఆ పిల్ల తెర దగ్గరికి జరిగింది.

"మళ్లా చెడగొట్టొచ్చా మేడమ్?"

"చెడగొట్టు. ఈసారి బాగు చేసేది నువ్వే."

అక్షయ చెడగొట్టింది. బాగు చేసింది. ఆ వారమంతా అదే పని. తక్కినవాళ్లూ మొదలుపెట్టారు. వసారాలో ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోవడం లేదు.

నెల తిరక్కుండానే అక్షయ తన కంప్యూటర్‌ను వెబ్ సర్వర్‌గా మార్చింది. అవతల కూర్చున్న తోటి పిల్ల వాణి తన లాప్‌టాప్‌లో చిరునామా కొట్టగానే రుద్రవరం బస్సుల వేళలతో ఒక పేజీ తెరుచుకుంది. అందరూ వాణి చుట్టూ మూగారు.

"ఇది ఎవురిది?" అని అడిగాడు కృపావరం.

"నా సర్వర్ తాతా," అంది అక్షయ, అందరికీ వినబడేట్టు.